కంటి కాగితం, చెవి కాగితం చదువుకోవడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో నర్సింగ్, పారామెడికల్ కోర్సుల పిల్లలకు పదేళ్ళకు పైగా వైద్య పదాలు చెబుతున్నాను. కింద ఉన్న ప్రశ్నల్లో కొన్ని క్లాసులో వాళ్ళు అడిగేవి. మిగతావి సాయంత్రం పూట ఆసుపత్రి కాగితం చేతపట్టుకుని మా గడప దగ్గరికి వచ్చే ఇరుగుపొరుగు అడిగేవి. ఇది చదివి ఎవరూ మందులు మార్చుకోవద్దు. డాక్టరు చెప్పేది అర్థం కావడానికి, అర్థం కాకపోతే ఏమని అడగాలో తెలియడానికి రాశాను.

కాగితంలోని ఈ వైద్య పేర్లన్నీ ఎందుకింత నోరు తిరక్కుండా ఉంటాయి?

ఒక్కొక్కటీ రెండు మూడు ముక్కలు అతికించిన మాట కాబట్టి. మన సమాసాల లాంటివే. పైగా ఒక్కో అవయవానికి గ్రీకు పేరు ఒకటి, లాటిన్ పేరు ఒకటి ఉంటాయి. కంటికి గ్రీకు ముక్క ఆఫ్తాల్మో, లాటిన్ ముక్క ఓక్యులో. చెవికి గ్రీకు ముక్క ఓటో, లాటిన్ ముక్క ఆరి. ఒకే కంటికి ఆఫ్తాల్మాలజీ అని ఒకచోట, ఓక్యులర్ అని ఇంకోచోట రాసి ఉంటే పిల్లలు తికమకపడతారు.

అప్పుడు వాళ్ళకు మన ఇంటి సంగతే గుర్తు చేస్తాను. కంట్లో నలుసు పడిందంటాం, నేత్రంలో నలుసు పడిందని ఎవరూ అనరు. కొండ మీద గురువారం స్వామి నామం సన్నగా దిద్ది కళ్ళు కనబడేలా చేస్తే మాత్రం అది నేత్రదర్శనం, కన్నుదర్శనం కాదు. ఇంటి మాట ఒకటి, గుడి మాట ఒకటి. డాక్టర్లదీ ఇదే పద్ధతి. జబ్బులకు, ఆపరేషన్లకు ఎక్కువగా గ్రీకు ముక్క వాడతారు, అవయవం పేరు చెప్పడానికి ఎక్కువగా లాటిన్ ముక్క వాడతారు.

అన్నీ బట్టీ పట్టాలా?

అక్కర్లేదు. ముందు తోకలు నేర్చుకోండి. ఐటిస్ అంటే వాపు. ఆల్జియా అంటే నొప్పి. పతీ అంటే జబ్బు. ఎక్టమీ అంటే కోసి తీసేయడం, టమీ అంటే కోత పెట్టడం, ప్లాస్టీ అంటే పాడైనదాన్ని బాగుచేయడం. స్కోపీ చూడడం, మెట్రీ కొలవడం. తర్వాత తలలు: బ్లెఫరో అంటే రెప్ప, డాక్రియో అంటే కన్నీరు, కెరటో అంటే నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే కార్నియా, ఫేకో అంటే కంటి లెన్సు, టింపనో లేదా మిరింగో అంటే కర్ణభేరి. ఇక మీరే విప్పుకోవచ్చు. బ్లెఫరైటిస్ రెప్పల వాపు. మిరింగోప్లాస్టీ కర్ణభేరికి పడిన చిల్లు పూడ్చడం. ఓటాల్జియా చెవిపోటు.

ఒక్క జాగ్రత్త. సాల్పింక్స్ అంటే గ్రీకులో బాకా. చెవి నుంచి గొంతు వెనక్కి వెళ్ళే గొట్టానికీ ఆ పేరు వాడారు, ఆడవాళ్ళ గర్భాశయం పక్కనుండే గొట్టానికీ వాడారు. సాల్పింజైటిస్ అని కనబడగానే చెవి వార్డుకు పరుగెత్తకూడదు. కాగితం ఏ విభాగంలో రాసిందో ముందు చూడాలి.

పేరు వెనక కథ తెలిస్తే గుర్తుంటుందా?

బాగా గుర్తుంటుంది. నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. ఎదుటి మనిషి కళ్ళలోకి దగ్గరగా చూస్తే నల్లటి గుండ్రంలో మన బొమ్మే చిన్న పాపలా కనబడుతుంది. అందుకే మనం దాన్ని కంటిపాప అన్నాం. లాటిన్‌లో ప్యూపిల్లా అంటే చిన్న బొమ్మ, చిన్న ఆడపిల్ల. ఇంగ్లీషు ప్యూపిల్ అందులోంచి వచ్చిందే. సంస్కృతంలో కనీనిక కూడా ఆడపిల్లను చెప్పే మాటే. ఎక్కడి మనుషులైనా ఎదుటివాళ్ళ కళ్ళలో చూసింది ఒకటే. ఈ సంగతి చెప్పినప్పుడల్లా పక్కపక్కన కూర్చున్న పిల్లలు ఒకరి కళ్ళలోకి ఒకరు తొంగి చూసుకుంటారు. ఆ తర్వాత ఆ మాటను ఒక్కరూ మరిచిపోలేదు.

లెన్స్ అంటే లాటిన్‌లో మసూరు పప్పు. ఆ పప్పు బద్ద కాకముందు గింజను చేతిలోకి తీసుకుని చూడండి, రెండు వైపులా ఉబ్బి అంచులు సన్నగా ఉంటుంది. కంటి లెన్సూ అదే ఆకారం. గ్రీకులో అదే పప్పుకు పేరు ఫేకోస్. మనవాళ్ళు 'ఫేకో చేయించుకున్నా' అనే ఆపరేషన్ పేరు అక్కడిదే. మసకబారిన లెన్సును అల్ట్రాసౌండ్‌తో మెత్తగా చేసి పీల్చేస్తారు. అమెరికా డాక్టరు చార్లెస్ కెల్మన్ 1967లో మొదలుపెట్టిన పద్ధతి అది. ఆపరేషన్ అయ్యాక కాగితంలో స్యూడోఫేకియా అని రాస్తారు. మా వీధిలో ఒక ఇంటివాళ్ళు అది చూసి కొత్త జబ్బేదో వచ్చిందని రాత్రంతా టెన్షన్ పడ్డారు. లోపల ఉన్నది పుట్టుకతో వచ్చిన లెన్సు కాదు, పెట్టిన లెన్సు అని మాత్రమే దాని అర్థం. అలా లెన్సు పెట్టడం 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ మొదలుపెట్టాడు.

రెప్పలో గట్టి గుండులా వచ్చేదాన్ని చలేజియన్ అంటారు. చలాజా అంటే గ్రీకులో వడగల్లు. వేలితో తడిమి చూస్తే ఆ పేరు ఎందుకు పెట్టారో తెలుస్తుంది.

కాగితంలో ఓడీ, ఓఎస్ అని ఉంది. అది మందు పేరా?

కాదు, ఏ కన్నో చెప్పడం. ఓడీ కుడి కన్ను, ఓఎస్ ఎడమ కన్ను, ఓయూ రెండు కళ్ళు. చెవులకైతే ఏడీ కుడి, ఏఎస్ ఎడమ, ఏయూ రెండూ. మన దగ్గర చాలామంది ఆర్ఈ, ఎల్ఈ, బీఈ అనే రాస్తారు, అది తేలిక. అయితే ఆర్ఈ అంటే కంటి కాగితంలో రైట్ ఐ, చెవి కాగితంలో రైట్ ఇయర్.

అసలు చిక్కు వేరే ఉంది. మన ఊళ్ళలో మాత్రల చీటీ మీద ఓడీ అంటే రోజుకు ఒకసారి. బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు. అవే రెండక్షరాలు కంటి చీటీలో కుడి కన్ను అవుతాయి. పాకాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన చుక్కల మందు రోజుకు ఒక్కసారే వేసుకుంటూ కనిపించాడు. ఆయన చూసింది కుడి కన్నని రాసిన ఓడీని. నాలుగుసార్లు వేయమన్న అంకె పక్కనే ఉంది, మడత మీద పడి చెరిగిపోయింది. మందుల షాపు దగ్గరే ఈ రెండు ప్రశ్నలు అడగండి: ఏ కన్ను? రోజుకు ఎన్నిసార్లు? జవాబును అట్టపెట్టె మీద తెలుగులో రాయించుకోండి.

పొర అన్నా, నీటికాసులు అన్నా, పువ్వు అన్నా ఒకటేనా?

ఒకటి కాదు. ఈ పేజీ మొత్తంలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

మన వైపు చూపు తగ్గిన ప్రతిదాన్నీ 'పొర కమ్మింది' అంటారు. కానీ కంట్లో పాడయ్యే చోట్లు వేరు. పొర అంటే క్యాటరాక్ట్, శుక్లం. కంటి లోపలి లెన్సు మసకబారుతుంది. మంచు పట్టిన అద్దంలోంచి చూసినట్టు ఉంటుంది. ఆపరేషన్ చేసి కొత్త లెన్సు పెడితే, మిగతా కన్ను బాగుంటే, చూపు తిరిగి వస్తుంది. పువ్వు అంటే కార్నియా మీద మచ్చ. దెబ్బ తగిలో, పుండు పడి మానో తెల్లగా మిగులుతుంది. నీటికాసులు అంటే గ్లకోమా. ఇందులో పాడయ్యేది కంటి నుంచి మెదడుకు వెళ్ళే నరం. ఎక్కువమందిలో కంటి లోపలి నీటి ఒత్తిడి పెరిగి నరం నలుగుతుంది. పోయిన చూపు ఏ ఆపరేషన్‌తోనూ వెనక్కి రాదు. చుక్కల మందో, లేజరో, ఆపరేషనో మిగిలిన చూపును కాపాడడానికే.

మా అవ్వది పాకాల దగ్గర పల్లె. ఆమె రెండేళ్ళ పాటు 'కండ్లు సరిగా కానరావడంలే' అంటూ ఉంది. ఊళ్ళో అందరూ పొరన్నారు. పొర ముదిరితేనే తీస్తారు, ముదరనీ అన్నారు. మేమూ అదే నమ్మాం. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆమె కళ్ళు మాకు ఎన్నిసార్లు చెప్పాయో కనబడుతుంది. ఎదురుగా ఉన్న దేవుడి పటం ముందు దీపం చక్కగా వెలిగించేది. పక్కనే పెట్టిన నీళ్ళ చెంబు మాత్రం చెయ్యి తగిలి దొర్లిపోయేది. గుమ్మం దాటేటప్పుడు ఎడమ భుజం ద్వారబంధానికి కొట్టుకునేది. వయసు మీద పడిందనుకున్నాం. పక్కల నుంచి చూపు కొరుక్కుంటూ లోపలికి రావడం నీటికాసుల తీరు. నొప్పి ఉండదు, ఎదురుగా చూసే చూపు చివరిదాకా నిలుస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేసరికి ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండో కంటిలో మిగిలింది గొట్టంలోంచి చూసేంత చూపు.

అందుకని క్లాసులో మొదటి రోజే చెబుతాను: పొర అన్న మాట రోగి నోట వస్తే దాన్ని రోగి మాటగా రాయండి, జబ్బు పేరుగా రాయకండి. ఇంట్లోవాళ్ళకు చెప్పేది కూడా ఉంది. పొర ముదిరేదాకా ఆగడం పాతకాలపు మాట. ఇప్పుడు ముదరక్కర్లేదు. పైగా ఆగుతున్నది నిజంగా పొరేనా అన్నది పరీక్ష చేస్తే గానీ తెలియదు.

ఇంట్లో అమ్మకో నాన్నకో నీటికాసులు ఉంటే పిల్లలకు ముప్పు ఎక్కువ. నలభై దాటాక ఒకసారి చూపించుకోండి. నొప్పితో వచ్చే రకం కూడా ఉంది. కన్ను ఎర్రబడి, తల పగిలేంత నొప్పి, వాంతులు, లైటు చుట్టూ రంగుల వలయాలు. అలా ఉంటే తలనొప్పి మాత్ర వేసుకుని పడుకోకండి, ఆ పూటే కంటి ఆసుపత్రికి వెళ్ళాలి.

ఐఓపీ 18 అని రాశారు. అది ఎక్కువా?

కంటి లోపలి ఒత్తిడి అది. 10 నుంచి 21 మధ్య ఉంటే మామూలు అంటారు. కానీ ఒత్తిడి మామూలుగా ఉండి కూడా నరం దెబ్బతినేవాళ్ళు ఉన్నారు. కాబట్టి ఆ అంకెతో పాటు సీడీ రేషియో అనే ఇంకో అంకె చూడండి. నరం మొదట్లో ఉండే గుంట ఎంత వెడల్పుగా ఉందో చెబుతుంది. 0.3 దగ్గర ఉంటే సాధారణం. 0.7, 0.8 అని ఉంటే ఎందుకలా ఉందో డాక్టరును అడగకుండా కుర్చీలోంచి లేవకండి.

6/60 అంటే ఎంత చూపు ఉన్నట్టు?

మామూలు చూపున్నవాళ్ళు 60 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని ఈ మనిషి 6 మీటర్ల దగ్గరికొస్తే గానీ చదవలేడు. 6/6 అయితే మామూలు. ఈ అక్షరాల పట్టికను 1862లో హాలండ్ డాక్టరు స్నెలెన్ తయారుచేశాడు. పై అక్షరం కూడా కనబడకపోతే సీఎఫ్ అని రాస్తారు, అంటే వేళ్ళు లెక్కపెట్టగలరు. హెచ్ఎం అంటే చెయ్యి కదిలితే తెలుస్తుంది. పీఎల్ ప్లస్ అంటే వెలుతురు మాత్రం తెలుస్తుంది. ఇది గుడ్డితనం అని రాసిన తీర్పు కాదు. గట్టిగా ముదిరిన శుక్లం ఉన్న కంటికి కూడా పీఎల్ అనే రాస్తారు, అలాంటి కళ్ళు ఆపరేషన్ తర్వాత వేళ్ళు కాదు, సూదిలో దారం ఎక్కించినవి ఉన్నాయి.

మైనస్, ప్లస్, సిలిండర్, యాక్సిస్ ఏమిటి? చత్వారం వేరా?

ఇవి కళ్ళద్దాల చీటీలో ఉండే మాటలు. మైనస్ అంటే దూరం కనబడదు, దగ్గరిది కనబడుతుంది. బస్సు బోర్డు చదవలేని పిల్లలది ఇదే. దీని పేరు మయోపియా. గ్రీకులో కళ్ళు చికిలించడం అన్న మాట నుంచి వచ్చింది, ఆ పిల్లలు చేసేదీ అదే. ప్లస్ దానికి తిరగబడింది. సిలిండర్ ఉంటే కార్నియా అన్ని వైపులా సమానమైన వంపుతో లేదని, యాక్సిస్ అంటే ఆ అద్దాన్ని ఏ కోణంలో తిప్పి పెట్టాలో చెప్పే అంకె.

చత్వారం జబ్బు కాదు. నలభై దాటాక లెన్సు బిరుసెక్కి దగ్గరిది కనబడదు. సంస్కృతంలో నలభైకి చత్వారింశత్, అందులోంచి చత్వారం. మన వైపు పెద్దవాళ్ళు చాలీసు అంటారు, అదీ నలభయ్యే. కాగితంలో 'యాడ్' పక్కన ఉన్న అంకె దీనికోసమే. డాక్టర్లు ప్రెస్బయోపియా అంటారు, ప్రెస్బీ అంటే ముసలి. మన మాట వయసు లెక్క చెప్పి ఊరుకుంటుంది. నాకు మన మాటే నచ్చుతుంది.

చుక్కలు వేసి గంట కూర్చోబెట్టారు, తర్వాత అన్నీ మసకగా ఉన్నాయి?

కంటిపాపను పెద్దది చేసి, కంటి వెనక తెరలా ఉండే రెటీనాను చూడడానికి. కొన్ని గంటల్లో పోతుంది. ఆ రోజు బండి నడపకండి, తోడు ఒకరిని తీసుకెళ్ళండి. షుగర్ ఉన్నవాళ్ళు చూపు బాగున్నా ఏడాదికోసారి ఈ పరీక్ష చేయించుకోవాలి. డయాబెటిక్ రెటినోపతి, అంటే షుగర్ వల్ల రెటీనాకు వచ్చే జబ్బు, మొదట్లో ఏ కబురూ పెట్టదు.

మెడ్రాస్ ఐ వచ్చినవాళ్ళను చూస్తే మనకూ వస్తుందా?

చూస్తే రాదు, తాకితే వస్తుంది. మన వైపు మెడ్రాస్ ఐ అనేదే తెలుగులో కళ్ళకలక, కాగితంలో కంజంక్టివైటిస్. తువ్వాలు, దిండు గలీబు వేరు పెట్టండి, చేతులు కడుక్కోండి. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంటే వెలుతురు గుచ్చుకోదు, అంటుకోవడం మాత్రం ఆగదు.

ముక్కు వైపు నుంచి నల్లగుడ్డు మీదికి కండ పెరిగితే టెరీజియం. గ్రీకులో రెక్క అన్న మాట నుంచి వచ్చింది. ఎండలో, దుమ్ములో పని చేసేవాళ్ళలో ఎక్కువ.

చిన్నపిల్లల కాగితాల్లో ఏ మాటలకు ఉలిక్కిపడాలి?

మూడు. ఒకటి ల్యూకోకోరియా, కంటిపాపలో తెల్లటి మెరుపు. ఫోటో తీసినప్పుడు ఒక కంట్లో తెల్లగా వస్తే, అది కంటి కేన్సరు రెటినోబ్లాస్టోమా కావచ్చు. పుట్టుశుక్లం కూడా కావచ్చు. రెండిట్లో ఏదైనా రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చునేది కాదు. రెండు స్ట్రాబిస్మస్, మెల్లకన్ను. అదృష్టం అని మురిసిపోతారు. ఆ కన్ను వాడకంలో లేక మందగిస్తే దాన్ని ఆంబ్లియోపియా అంటారు, ఏడెనిమిదేళ్ళ లోపు పట్టించుకుంటేనే బాగా దారికి వస్తుంది. మూడు నిక్టలోపియా, రేచీకటి. చీకటి పడగానే పిల్లవాడు తడుముకుంటుంటే విటమిన్ ఏ లోపమేమో చూపించండి. 9 నెలల నుంచి 5 ఏళ్ళ దాకా మొత్తం 9 సార్లు ఆ విటమిన్ ద్రవం ఉచితంగా వేస్తారు. చాలామంది తట్టు టీకాతో వేసే మొదటి డోసు తర్వాత మరిచిపోతారు.

నేత్రదానం అంటే కన్ను మొత్తం మార్చేస్తారా?

శ్రీకాళహస్తి ఇంత దగ్గర ఉన్నాక మన మనసులో మెదిలేది కన్నప్పే. స్వామి కంట నెత్తురు చూసి తన కన్ను పెకలించి పెట్టాడు, రెండోదీ ఇవ్వబోతూ చోటు తప్పకుండా కాలి బొటనవేలు ఆనించాడు. నేటి డాక్టర్లు చూపు కోసం మార్చేది కార్నియాను. దాని పేరు కెరటోప్లాస్టీ. పువ్వు పడిన కళ్ళకు, కార్నియా చెడిన కళ్ళకు అది పనికొస్తుంది. నరం పోయిన మా అవ్వ లాంటివాళ్ళకు పనికిరాదు. చనిపోయాక 6 గంటల లోపు తీసుకోవాలి. కళ్ళద్దాలు ఉన్నవాళ్ళు, శుక్లం ఆపరేషన్ అయినవాళ్ళు కూడా ఇవ్వొచ్చు. కంటి బ్యాంకుకు కబురు చేసి, రెప్పలు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాను ఆపి, తల కింద దిండు ఎత్తుగా పెట్టి ఉంచండి.

కొండకు వెళ్ళేటప్పుడు చెవులు మూసుకుపోతాయి. అది జబ్బా?

కాదు. రెండో ఘాట్ రోడ్డులో బస్సు మలుపులు ఎక్కుతుంటే బయటి గాలి ఒత్తిడి తగ్గుతూ వస్తుంది, కర్ణభేరి లోపలి గాలి మాత్రం పాత ఒత్తిడితోనే ఉంటుంది. గుటక వేసినప్పుడు చెవికీ గొంతుకీ మధ్యనున్న యుస్టేషియన్ గొట్టం తెరుచుకుని టప్‌మని సర్దుకుంటుంది. పదహారో శతాబ్దపు ఇటలీ వైద్యుడు యుస్టాకీ పేరు మీద వచ్చిన పేరది. చంటిపిల్లలు ఏడుస్తుంటే పాలు పట్టండి, గుటకలతో సరిపోతుంది. జలుబు చేసినప్పుడు ఆ గొట్టం వాచి తెరుచుకోదు, అందుకే జలుబుతో కొండెక్కితే నొప్పి.

ఆ గొట్టం తెరుచుకునే గదే మధ్య చెవి. అందులో మూడు ఎముకలు వరసగా ఉంటాయి: మాలియస్ అంటే సుత్తి, ఇంకస్ అంటే దాగలి, స్టేపిస్ అంటే గుర్రపు జీనుకు వేలాడే రికాబు. చివరిది ఒంట్లో అన్నిటికన్నా చిన్న ఎముక, 3 మిల్లీమీటర్లు. లోపలి చెవిలో కాక్లియా, అంటే నత్త. పేరుకు తగ్గట్టే రెండున్నర చుట్లు తిరిగి ఉంటుంది.

సీఎస్ఓఎం అని రాశారు. చెవిలో నూనె పోయొచ్చా?

పోయకండి. దాని అర్థం మధ్య చెవిలో చాలాకాలంగా చీము, కర్ణభేరికి చిల్లు. మీరు పోసిన కొబ్బరినూనె, వెల్లుల్లి నూనె ఆ చిల్లు గుండా లోపలికి పోతాయి. కొలెస్టియటోమా అన్న మాట కూడా ఉంటే అది ఎముకను తినే రకం, ఆపరేషన్ వాయిదా వేయకూడదు. గులిమి అయితే కాగితంలో సెరుమెన్ లేదా వ్యాక్స్ అని ఉంటుంది. పుల్లలతో, ఇయర్‌బడ్స్‌తో కెలికితే అది ఇంకా లోపలికి పోతుంది.

కళ్ళు తిరుగుతున్నాయని వెళ్తే చెవి డాక్టరు దగ్గరికి పంపారు, ఎందుకు?

ఎందుకంటే మన భాషలో తిరిగేవి కళ్ళు, జబ్బు ఉన్నది చాలాసార్లు చెవిలో. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి ట్రెయినింగులో ఉండగా ఒక పెద్దావిడ వచ్చింది. 'ఏమవుతోంది అవ్వా?' అంటే 'కండ్లు తిరగతా ఉండాయమ్మా' అంది. అమ్మాయి కంటి సమస్య అని రాసి కంటి ఓపీకి పంపింది. ఆవిడ గోడ పట్టుకుని మూడు గంటలు క్యూలో నిలబడింది. ఆ అమ్మాయి చెప్పి ఏడ్చింది. అప్పటినుంచి ఈ ఒక్క మాట మీద ఒక పూట క్లాసు తీసుకుంటున్నాను.

ఇలా అడగాలి: చుట్టూ ఉన్న గది, గోడలు గిర్రున తిరుగుతున్నాయా? అయితే వర్టిగో. లేవగానే కళ్ళకు చీకట్లు కమ్మి పడిపోతామనిపిస్తోందా? అది బీపీ, గుండె, రక్తహీనత వైపు. నడుస్తుంటే తూలుతోందా? అది వేరే దారి. తిరగడం ఎంతసేపు? మంచం మీద పక్కకు దొర్లినప్పుడు కొన్ని సెకన్లు గిర్రున తిరిగి ఆగిపోతే సాధారణంగా అది బీపీపీవీ. లోపలి చెవిలో ఉండే సన్నటి సున్నపు రేణువులు తమ చోటు వదిలి అర్ధచంద్రాకారపు గొట్టాల్లోకి జారడం వల్ల వస్తుంది. తలను ఒక వరసలో తిప్పి ఆ రేణువులను వెనక్కి పంపుతారు, చాలామందికి మాత్రలు కూడా అక్కర్లేదు. తిరగడంతో పాటు చెవిలో హోరు, వినికిడి తగ్గడం ఉండి గంటల తరబడి సాగితే మెనియర్ అనే జబ్బు పేరు వినబడొచ్చు. హోరుకు టినిటస్ అని పేరు.

తిరగడంతో పాటు మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం, చెయ్యి కాలు పట్టు తప్పడం ఉంటే చెవి, కన్ను అని లెక్కలు వేయకండి. పక్షవాతం కావచ్చు, అంబులెన్సు పిలవండి.

ఆడియోగ్రామ్‌లో గీతలు ఎలా చదవాలి?

ఆడియోగ్రామ్ అంటే వినికిడి పరీక్ష కాగితం. ఎర్ర సున్నాలు కుడి చెవి, నీలం ఇంటూ గుర్తులు ఎడమ చెవి. ఎడమ నుంచి కుడికి వెళ్ళేకొద్దీ శబ్దం కీచుగా మారుతుంది, కిందికి వెళ్ళేకొద్దీ ఎక్కువ గట్టిగా వినిపించాల్సి వస్తుంది. గీత పైన ఉంటే మంచిది. 25 డెసిబెల్స్ లోపు మామూలని చాలాచోట్ల లెక్కేస్తారు. కండక్టివ్ అని రాస్తే శబ్దం లోపలికి చేరే దారిలో అడ్డు, గులిమో, చిల్లో, ఎముకో. సెన్సరీన్యూరల్ అంటే నత్తలోనో నరంలోనో లోపం. ముసలితనపు చెవుడు ప్రెస్బిక్యూసిస్ ఇందులోదే. ఉన్నట్టుండి ఒక్క రోజులో ఒక చెవి వినబడకపోతే మాత్రం గులిమి అని వారం ఆగొద్దు. మొదటి రోజుల్లో వైద్యం దొరికితేనే ఆశ ఎక్కువ.

బిడ్డకు వినబడుతోందో లేదో ఎప్పుడు తెలుస్తుంది?

పుట్టిన కొన్ని రోజులకే. ఓఏఈ, బెరా అన్న పరీక్షలు బిడ్డ నిద్రలో ఉండగానే చేస్తారు. నెల లోపు పరీక్ష, 3 నెలల లోపు నిర్ధారణ, 6 నెలల లోపు వినికిడి యంత్రమో ఇంకో సాయమో మొదలవ్వాలి. 'మా నాయన కూడా మూడేళ్ళకు మాట్లాడాడు' అని ఆగకండి. వినని బిడ్డకు మాట రాదు, మాట నేర్చే వయసు మళ్ళీ రాదు. తిరుపతిలో టీటీడీ నడిపే శ్రవణం ప్రాజెక్టు ఇలాంటి పిల్లలకు మాటలు నేర్పే పనిలోనే ఉంది.

ఎనోస్మియా, ఏజ్యూసియా అంటే?

వాసన తెలియకపోవడం, రుచి తెలియకపోవడం. కరోనా తర్వాత ఇవి ఇంటింటి మాటలయ్యాయి. రుచి పోయిందని వచ్చేవాళ్ళలో చాలామందికి పోయింది వాసన. ముక్కు మూసుకుని పచ్చడి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు, పులుపు తెలుస్తాయి, అది గోంగూరో చింతకాయో తేల్చుకోలేరు.

మనం షడ్రుచులంటాం. వైద్యపుస్తకాల్లో తీపి, పులుపు, ఉప్పు, చేదు, 1908లో జపాన్ శాస్త్రవేత్త ఇకెడా పేరు పెట్టిన ఉమామి, అంటే మాంసం రసంలో తగిలే లాంటి కమ్మటి రుచి. కారం ఆ లెక్కలో లేదు. మిరపకాయలోని క్యాప్సైసిన్ వేడిని, నొప్పిని మోసే నరాల కొసలను రేపుతుంది. కాబట్టే ముక్కు మూసుకున్నా కారం తెలుస్తుంది, చేతికి అంటినా మండుతుంది.

కంటి చుక్కలు చెవిలో, చెవి చుక్కలు కంట్లో వేయొచ్చా?

చెవి చుక్కలు కంట్లో ఎప్పుడూ వేయకూడదు. కంటి మందు తయారీలో ఉండే శుభ్రత చెవి మందుకు ఉండదు. కంటి చుక్కలు చెవికి డాక్టరు రాస్తే వేయొచ్చు. సీసా మీద ఆఫ్తాల్మిక్ అంటే కంటికి, ఓటిక్ అంటే చెవికి. మూత తీసిన తేదీ సీసా మీద రాయండి. సాధారణంగా నెల దాటాక పారేయాలి.

పాత కాగితాలు దాచుకోవాలా?

అన్నీ. తిరుపతి రుయా ఆసుపత్రిలో చూపించినా, వేలూరు ఆసుపత్రికి వెళ్ళినా, ఊళ్ళో కంటి క్యాంపులో చూపించినా, తేదీల వరసలో ఒకే ఫైలులో పెట్టండి. నీటికాసుల్లో ఒక్క రోజు అంకె కన్నా రెండేళ్ళ అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తేనే డాక్టరుకు తెలుస్తుంది.

మా అవ్వ పోయాక ఆమె ట్రంకుపెట్టెలో ఒక కంటి క్యాంపు కాగితం దొరికింది. మేము డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి రెండేళ్ళ ముందుది. కుడి కన్ను ఐఓపీ 28, సీడీ రేషియో 0.8, కింద 'గ్లకోమా సస్పెక్ట్' అని ఉంది. ఇంట్లో అప్పుడు అది చదవగలిగినవాళ్ళు లేరు, చదివి చెప్పినవాళ్ళూ లేరు. వెనకవైపు మా తాత పెన్సిలుతో ఆ నెల పాల లెక్క రాసుకున్నాడు.